రాగి ఊళ్ల చుట్టూ ఒక రోజు: ఫీనిక్స్ నుంచి గ్లోబ్, హేడెన్ మీదుగా కారులో ఎలా వెళ్లి రావాలి

మా నాన్న కొత్తగూడెంలో ముప్ఫై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయనకు గ్రాండ్ కాన్యన్ చూపించాను, సెడోనా చూపించాను. రెండు చోట్లా "బాగుందిరా" అని ఊరుకున్నారు. యూఎస్ 60 హైవే మీద గ్లోబ్ వైపు తీసుకెళ్లిన రోజు మాత్రం కారులో ఒక్క కునుకు తీయలేదు. ఆ దిబ్బ ఎందుకంత తెల్లగా ఉంది, ఆ గొట్టంలోంచి పొగ ఎందుకు రావడం లేదు, ఇక్కడి కార్మికులు ఏ ఊళ్లో ఉంటారు అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. తెలుసుకోవడం కోసం ఆ తర్వాత ఇంకా నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మీరు మొదటిసారి వెళ్లేటప్పుడే ఆ జవాబులు మీ దగ్గర ఉండాలని ఇది రాస్తున్నాను.

దారి చాలా తేలిక. ఫీనిక్స్ నుంచి యూఎస్ 60 పట్టుకుని తూర్పుకు వెళ్తే సుపీరియర్, మయామి, గ్లోబ్ వరసగా వస్తాయి. గ్లోబ్ దగ్గర ఏజెడ్ 77 అనే రాష్ట్ర రహదారి ఎక్కి దక్షిణంగా వింకెల్మన్ దాకా దిగాలి. అక్కడ ఏజెడ్ 177 మీదికి మళ్లితే హేడెన్, కార్నీ దాటి మళ్లీ సుపీరియర్‌కే వస్తారు. సుపీరియర్ నుంచి సుపీరియర్‌కు ఈ చుట్టు దాదాపు 90 మైళ్లు. చాండ్లర్, గిల్బర్ట్ వైపు నుంచి బయల్దేరేవాళ్లకు రానూపోనూ కలిపి సుమారు 200 మైళ్లు పడుతుంది. రోడ్డంతా తారే. మామూలు కారు చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు.

ముందు నెల, తర్వాత రోజు చూసుకోండి

అక్టోబర్ చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా వెళ్లండి. వానలు బాగా పడిన ఏడాదైతే ఫిబ్రవరి చివర, మార్చిలో గుట్టల వాలుల మీద పసుపు, నారింజ రంగు పూలు విరగబూస్తాయి. నన్నడిగితే అదే అన్నిటికన్నా మంచి సమయం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ ప్రయాణం వద్దు. ఎండ ఒక్కటే కాదు, జూలై తర్వాత మధ్యాహ్నాలు ఉన్నట్టుండి వచ్చే వానలకు ఎండిన వాగులు నిమిషాల్లో పొంగుతాయి. 2021 జూన్‌లో టెలిగ్రాఫ్ ఫైర్ అనే కార్చిచ్చు సుపీరియర్, మయామి చుట్టుపక్కల కొండలను కాల్చేసింది. కాలిన కొండ నీటిని పట్టి ఉంచదు, రాళ్లూ బురదా రోడ్డు మీదికి జారతాయి. అందుకని ఏ నెలలో వెళ్లినా బయల్దేరేముందు రోడ్ల పరిస్థితి చెప్పే ఏజెడ్ 511లో రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి.

రోజు విషయానికొస్తే శనివారం మంచిది. చిన్న ఊళ్లు కాబట్టి వారం మొదట్లో చాలా దుకాణాలు, హోటళ్లు మూసి ఉంటాయి. తెరిచినవి కూడా మధ్యాహ్నం భోజనాలు కాగానే తలుపులు వేసేయొచ్చు. మేము మొదటిసారి సోమవారం వెళ్లాం. నేను మనసులో పెట్టుకున్న హోటల్ మూసి ఉంది, పక్కదీ మూసి ఉంది. నాన్నకు షుగర్ ఉంది. ఒంటిగంటన్నరకు ఆయన చేతులు వణకడం మొదలయ్యేసరికి నాకు విపరీతమైన టెన్షన్ వచ్చింది. చివరికి పెట్రోల్ బంకులో దొరికిన జ్యూస్, అరటిపండుతో గట్టెక్కాం. పెద్దవాళ్లతో వెళ్తుంటే హోటల్ మీద ఆధారపడకండి.

కారులో పెట్టుకోవాల్సినవి

మనిషికి ఒక గ్యాలన్ చొప్పున నీళ్లు. వాడినా వాడకపోయినా కారులో ఉండాలి. పులిహోర, పెరుగన్నం కూలర్ బాక్సులో పెట్టుకుంటే మధ్యాహ్నం ఏ పార్కులోనైనా కూర్చుని తినొచ్చు. గ్లోబ్, మయామిల్లో మెక్సికన్ భోజనం చాలా బాగుంటుంది. ఇక్కడి గనుల్లో తరతరాలుగా పనిచేసిన కుటుంబాల వంట అది. శాకాహారులు మాత్రం బీన్స్‌లో పంది కొవ్వు వేశారా అని ముందే అడగండి, ఏమీ అనుకోరు.

పెట్రోల్ అపాచీ జంక్షన్ వైపు నిండుగా కొట్టించండి, గ్లోబ్‌లో మళ్లీ నింపండి. గ్లోబ్ నుంచి వింకెల్మన్ దాకా దాదాపు 35 మైళ్లు, దారిలో బంకు ఉందనుకుని బయల్దేరొద్దు. ఆ మధ్యలోనూ క్వీన్ క్రీక్ లోయలోనూ ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌లో మయామి అని కొట్టేటప్పుడు పక్కన అరిజోనా అని తప్పకుండా చేర్చండి.

టోపీ, చల్లద్దాలు, బూట్లు సరే. వీటితోపాటు ఒక పాత దువ్వెన తీసుకెళ్లండి. చోయా అనే ముళ్ల జెముడు ఉంటుంది, రాసుకుంటే చాలు ముద్ద ముద్దగా అంటుకుంటుంది. చేత్తో లాగితే చేతికి గుచ్చుకుంటుంది. దువ్వెనను దాని కిందికి పోనిచ్చి ఒక్క ఊపుతో విదిలిస్తే ఊడి పడుతుంది. మీ పక్కన ఎవరూ లేకుండా చూసుకుని విదిలించండి. మలుపుల రోడ్లు పడనివాళ్లుంటే ముందు సీట్లో కూర్చోబెట్టి, చేతికి నిమ్మకాయ ఇవ్వండి.

ఉదయం ఏడుకల్లా రోడ్డెక్కండి

తూర్పుకు వెళ్తారు కాబట్టి సూర్యుడు సరిగ్గా కళ్లలోకి కొడతాడు. ముందు రాత్రే అద్దం లోపలా బయటా తుడవండి. ఎడమ చేతి వైపు సూపర్‌స్టిషన్ కొండలు గోడలా లేస్తాయి. జేకబ్ వాల్ట్స్ అనే జర్మన్ వలసవాది ఆ కొండల్లో బంగారు గని కనిపెట్టాడనీ, 1891లో చనిపోతూ జాడ సగమే చెప్పాడనీ ఒక కథ. దాన్ని నమ్మి వెతుకుతూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ కొండల పక్కనే గోల్డ్‌ఫీల్డ్ అనే పర్యాటక ఊరు ఉంది, 1890ల బంగారు గని ఊరిని తలపించేలా మళ్లీ కట్టారు. చిన్నపిల్లలకు నచ్చుతుంది. కానీ ఈ రోజు అక్కడ ఆగొద్దు, ఆగితే రెండు గంటలు పోతాయి. మీరు చూడబోయేవి నిజంగా మనుషులు బతుకుతున్న గని ఊళ్లు.

గొంజాలెస్ పాస్ అనే కనుమ ఎక్కి దిగగానే ఎదురుగా పికెట్‌పోస్ట్ కొండ కనిపిస్తుంది, బురుజులా చదునైన తల. దాని కిందే బాయ్స్ థాంప్సన్ ఆర్బొరీటమ్. ఇది మీ మొదటి మజిలీ. విలియం బాయ్స్ థాంప్సన్ రాగి గనుల మీద కోట్లు గడించినవాడు, సుపీరియర్‌లో మాగ్మా కాపర్ కంపెనీని పెట్టినవాడు. ఎడారి మొక్కల కోసమే 1920లలో ఈ తోట వేయించాడు. గంటన్నర ఇవ్వండి. సగువారో అనే ఎత్తైన జెముడు చెట్టుకు మొదటి కొమ్మ రావడానికి సుమారు 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది. అంటే నాలుగైదు చేతులతో నిలబడ్డ చెట్లు ఈ గనుల చరిత్రలో చాలా భాగం చూసినవే. ఇక్కడ బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, అందరూ వెళ్లొచ్చాకే కదలండి. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ముందు రోజు చూసుకోండి.

సుపీరియర్: కొండ కింద ఊరు

హైవే మీదే దూసుకెళ్తే సుపీరియర్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. అలా పోకుండా మెయిన్ స్ట్రీట్‌లోకి మళ్లి కారు ఆపి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఈ ప్రాంతంలో 1875లో సిల్వర్ కింగ్ అనే వెండి గని దొరికింది. వెండి తగ్గాక 1910లో మాగ్మా కంపెనీ వచ్చి రాగి తవ్వింది. స్మెల్టర్, అంటే ఖనిజాన్ని కరిగించే కర్మాగారం 1971లో ఆగిపోయింది. గని 1982లో మూతపడి, 1990లో తెరుచుకుని, 1996లో మళ్లీ మూతపడింది. ఊరి గుర్తుగా నిలిచిన పొగగొట్టాన్ని 2018లో కూల్చేశారు. ఇటుక గోడల మీద వెలిసిపోయిన పేర్లు, ఖాళీ దుకాణాలు, వాటి మధ్య కొత్తగా రంగేసిన కాఫీ షాపులు కనిపిస్తాయి. ఈ తేదీలు తెలిసి నడిస్తే ఏ తలుపు ఎప్పుడు మూతపడిందో ఊహకు అందుతుంది.

ఊరికి తూర్పున నిలువుగా లేచిన ఎర్రటి కొండగోడ పేరు అపాచీ లీప్. సైన్యం చుట్టుముట్టినప్పుడు లొంగిపోవడం ఇష్టంలేక ఇక్కడి ఆదివాసీలైన అపాచీ తెగ యోధులు పైనుంచి దూకారని చెప్పుకునే కథ నుంచి ఆ పేరు వచ్చింది. ఇక్కడ దొరికే నల్లటి గాజురాళ్లను అపాచీ కన్నీళ్లు అంటారు. పొద్దున ఆ గోడ నీడలో ఉంటుంది. ఫోటోల కోసం తంటాలు పడొద్దు, సాయంత్రం మళ్లీ ఇక్కడికే వస్తాం.

సుపీరియర్ దాటగానే ఈ రోజంతటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నాలుగు మైళ్లు మొదలవుతాయి. రోడ్డు క్వీన్ క్రీక్ లోయలో మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. 1952లో తొలిచిన 1,217 అడుగుల సొరంగంలోకి వెళ్లి బయటికొస్తే రెండు పక్కలా రాతి స్తంభాలు, పైన చిన్న ఆకాశం. తోలేవాళ్లు దయచేసి రోడ్డు మీదే చూపు పెట్టండి. ఖనిజం, యాసిడ్ మోసే పెద్ద లారీలు ఈ దారినే వస్తాయి. ఫోటో కావాలంటే పక్కన విశాలంగా ఆపుకునే చోట్లు ఉన్నాయి. మలుపులో ఆపకండి.

పైకెక్కాక వచ్చే చదును ప్రాంతం ఓక్ ఫ్లాట్. ఎడారిలోంచి ఒక్కసారిగా ఓక్ చెట్ల నీడలోకి వచ్చినట్టుంటుంది. దూరంగా షాఫ్టుల మీద, అంటే గనిలోకి దిగే నిలువు బావుల మీద నిలబెట్టిన హెడ్‌గేర్లు అనే ఎత్తైన ఇనుప చట్రాలు కనిపిస్తాయి. మా నాన్న "ఆపు, ఆపు" అన్నది ఇక్కడే. ఆ షాఫ్టుల్లో ఒకటి దాదాపు 7,000 అడుగుల లోతు, అంటే రెండు కిలోమీటర్ల పైమాట. అడుగున రాయి 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిగా ఉంటుంది. చల్లటి గాలి పంపితే తప్ప మనిషి నిలవలేడు. రియో టింటో, బీహెచ్‌పీ కంపెనీలు కలిసి రిజల్యూషన్ కాపర్ పేరుతో ఆ కింద ఉన్న రాగిని తీయాలనుకుంటున్నాయి. తవ్వితే పైన నేల కుంగి పెద్ద గుంత పడుతుంది. ఈ నేల శాన్ కార్లోస్ అపాచీలకు పవిత్ర స్థలం. వాళ్ల పిల్లలకు జరిపే వేడుకలు ఇక్కడే జరుగుతూ వచ్చాయి. 2014లో అమెరికా కాంగ్రెస్ భూమి మార్పిడికి చట్టం చేసిన దగ్గర్నుంచి ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. ఆ భూమిలోకి ప్రవేశం ఉందో లేదో మీరు వెళ్లే ముందు చూసుకోండి. ఉంటే పావుగంట నడవండి. మాట తగ్గించండి, రాయి రప్ప ఏదీ తీసుకురాకండి, ఎవరైనా పూజలో ఉంటే ఫోటో తీయకండి. సుపీరియర్‌లో ఉద్యోగాల కోసం ఈ గని రావాలని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. రెండు బాధలూ నిజమైనవే. నాకు మాత్రం ఒక గుడి కింద తవ్వుతామంటే మనం ఊరుకుంటామా అనిపిస్తుంది.

దిబ్బలు చదవడం నేర్చుకోండి

టాప్ ఆఫ్ ద వరల్డ్ అనే చిన్న ఊరు దాటి దిగుతుంటే మయామి వైపు తెల్లగా, మెట్లు మెట్లుగా, తల చదునుగా ఉన్న కొండలు కనిపిస్తాయి. అవి కొండలు కావు. అక్కడి రాతిలో రాగి నూటికి ఒక వంతు కూడా ఉండదు. రాయిని పిండి చేసి, నీటిలో నురుగు పట్టించి రాగి ఉన్న పొడిని వేరు చేస్తారు. మిగిలిన మెత్తటి బురదంతా పోసి ఆరబెడితే ఏర్పడే దిబ్బలివి. వీటిని టైలింగ్స్ అంటారు. నల్లగా, గాజులా మెరిసే దిబ్బ కనిపిస్తే అది స్మెల్టర్‌లో కరిగించాక మిగిలిన చిట్టెం. కొండ కోసిన చోట ఆకుపచ్చ, నీలం చారలు కనిపిస్తే రాగి గాలికీ నీటికీ మారిన రంగులవి. రాగి చెంబుకు చిలుము పట్టడం చూశారు కదా, అదే. ఈ మూడూ పిల్లలకు ముందే చెప్పండి. ఆ తర్వాత ఎవరు ముందు గుర్తుపడతారో అని వాళ్లలో వాళ్లే పోటీ పడతారు, ట్యాబ్ అడగరు.

అమెరికాలో తవ్వే రాగిలో దాదాపు 70 శాతం అరిజోనాదే. ఈ రాష్ట్రం జెండా మధ్యలో నక్షత్రం కూడా రాగి రంగులోనే ఉంటుంది.

మయామిలో బులియన్ ప్లాజా మ్యూజియం తెరిచి ఉంటే తప్పక ఆగండి. 1923లో కట్టిన బడి అది. తెల్లవాళ్ల పిల్లలతో కలపకుండా మెక్సికన్, అపాచీ పిల్లల కోసం విడిగా కట్టారు. గనిలో కలిసి దిగిన తండ్రుల పిల్లలు పైన వేరు వేరు బడుల్లో చదివారు. ఆ బెంచీలు చూసి మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల కాలంలో బాయి మీద ఎవరికి ఏ పని ఇచ్చేవాళ్లో, ఏ కులం వాళ్ల చేతికి తట్ట వచ్చేదో చెప్పారు. నేను ఆయన కొడుకుని, ఆ మాటలు అంతకుముందెప్పుడూ వినలేదు. మీ ఇంట్లోనూ గనిలోనో, మిల్లులోనో, క్వారీలోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే ఇక్కడికి తీసుకురండి. ప్రశ్నలు అడగాల్సిన పని ఉండదు, వాళ్లే చెబుతారు.

గ్లోబ్‌లో రెండు గంటలు

గ్లోబ్ 1876లో వెండి కోసం పుట్టి రాగితో పెరిగిన ఊరు. 3,500 అడుగుల ఎత్తు కాబట్టి ఫీనిక్స్ కన్నా చల్లగా ఉంటుంది, జనవరిలో స్వెటర్ కావాలి. బ్రాడ్ స్ట్రీట్‌లో కారు ఆపండి. 1906లో కట్టిన పాత కోర్టు భవనం ఇప్పుడు కళాకారుల కేంద్రం, దగ్గర్లోనే పాత జైలు. వీధిలో చిన్న దుకాణాల్లో ఆకాశనీలం టర్కాయిస్ రాళ్లు, శాన్ కార్లోస్ రిజర్వేషన్‌లో, అంటే అపాచీలకు కేటాయించిన నేలలో దొరికే లేతాకుపచ్చ పెరిడాట్లు అమ్ముతారు. పుష్యరాగం, పచ్చ బేరమాడిన కళ్లున్న మన అమ్మలకు ఇక్కడ అరగంట చాలదు. కొనేటప్పుడు రాయి ఎక్కడిదో అడగండి. ఈ పేర్లతో వేరే చోట్ల నుంచి వచ్చిన రాళ్లూ అమ్ముతారు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. గ్లోబ్ ఉన్న నేల మొదట అపాచీలకు కేటాయించిన రిజర్వేషన్‌లో భాగం. వెండి బయటపడగానే ఆ ముక్కను కోసి తీసేసుకున్నారు.

భోజనం అయ్యాక రెండు చోట్లు చూడాలి. మొదటిది బెష్ బా గోవా. సలాడో అని పిలిచే పాతకాలపు ఆదివాసీలు 13వ శతాబ్దంలో కట్టుకుని, దాదాపు 15వ శతాబ్దం మొదటి దాకా ఉన్న రాతి ఊరు. మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజుల్లో ఇక్కడ ఈ గదుల్లో మొక్కజొన్న దంచుకునేవాళ్లు. కొన్ని గదులను మళ్లీ పైకప్పుతో కట్టి చూపించారు. తలుపులు చిన్నవి, పెద్దవాళ్లు తల జాగ్రత్త. రెండోది ఊరికి ఉత్తరాన ఓల్డ్ డొమినియన్ గని పార్కు. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద రాగి గనుల్లో ఒకటిగా పేరున్న గని ఇది. లోపల ఊరే నీళ్లను తోడి పోయడానికే బోలెడు ఖర్చయ్యేది. 1931లో రాగి ధర పడిపోయేసరికి మూసేశారు. కాలిబాటల పక్కన పాత యంత్రాలు, బోర్డులు ఉన్నాయి. నీడ తక్కువ, టోపీ పెట్టుకోండి.

ఇక్కడ పనిచేసినవాళ్లలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు చాలామంది. అదే కార్న్‌వాల్ మనుషులు మన కోలార్ బంగారు గనులకూ వెళ్లారు. అక్కడ చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు బాయిలోకి దిగారు. 1917లో ఈ గ్లోబ్, మయామి కార్మికులు సమ్మెకు దిగితే ప్రభుత్వం సైన్యాన్ని దింపింది.

మూడింటికి గ్లోబ్ వదిలేయాలి

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గ్లోబ్ బాగుంది కదా అని నాలుగున్నర దాకా ఉండి, వచ్చిన దారినే యూఎస్ 60 మీద వెనక్కి పోతారు. రెండో సగం చూడరు. డిసెంబర్‌లో సూర్యాస్తమయం 5.20 ప్రాంతంలోనే అవుతుంది. ఆ నెలలో వెళ్తే ఓల్డ్ డొమినియన్ వదిలేసి, రెండింటికే కదలండి. మార్చిలో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు.

ఏజెడ్ 77 ముందు కొండెక్కుతుంది, తర్వాత గీలా నది లోయలోకి దిగుతుంది. ఎడారిలో పచ్చటి చెట్ల గీత కనిపిస్తే అదే నది. దారిలో క్రిస్మస్ అనే పాత గని ఊరు ఉండేది. 1905 నుంచి 1935 దాకా అక్కడ పోస్టాఫీసు ఉంది. క్రిస్మస్ అని ముద్ర పడాలని ఎక్కడెక్కడివాళ్లో తమ పండుగ ఉత్తరాలు అక్కడికి పంపేవాళ్లు. ఇప్పుడది ప్రైవేటు భూమి, లోపలికి వెళ్లకూడదు.

ఈ మాట ఈ దారి మొత్తానికీ వర్తిస్తుంది. కొండ పక్కన ఎక్కడైనా చీకటి నోరు తెరుచుకున్న సొరంగమో, కంచె వేసిన గొయ్యో కనిపిస్తే దగ్గరికి వెళ్లొద్దు. అరిజోనాలో వదిలేసిన గని గుంతలు వేలల్లో ఉన్నాయి. పైన పట్టు ఉన్నట్టే ఉండి విరుగుతుంది, లోపల ప్రాణవాయువు లేకపోవచ్చు, పాములు చల్లదనానికి చేరతాయి. ఎంత అనుభవం ఉన్న కార్మికుడైనా గాలి పరీక్ష చేయకుండా పాత బాయిలో అడుగు పెట్టడని నాన్న నా కొడుకుకు గట్టిగా చెప్పారు.

వింకెల్మన్‌లో గీలా నది ఒడ్డున చెట్ల కింద పార్కు ఉంది. ఫ్లాస్కులో టీ ఉంటే ఇక్కడ తాగండి. పక్క ఊరే హేడెన్. దానికన్నా ముందు దాని పొగగొట్టం కనిపిస్తుంది, 1,001 అడుగుల ఎత్తు. చార్మినార్‌ను ఒకదాని మీద ఒకటి అయిదు పెట్టినా దాన్ని అందుకోవు. 2019 అక్టోబర్‌లో అసార్కో కంపెనీలో సమ్మె మొదలైనప్పుడు ఇక్కడి స్మెల్టర్ ఆగింది. సమ్మె ముగిసినా పొయ్యి మళ్లీ వెలగలేదు. హేడెన్ వీధుల్లో నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. మూసిన సినిమా హాలు, బోర్డు ఊడిన దుకాణాలు, వాటి మధ్య ముగ్గురు నలుగురు వరండాల్లో కూర్చుని ఉంటారు. పొగ వల్ల పేరుకున్న సీసం, ఆర్సెనిక్ కారణంగా చాలా ఇళ్ల పెరళ్లలో మట్టిని తవ్వి తీసి కొత్త మట్టి పోశారు. ఇది చూడదగ్గ చోటు కాదని కొందరంటారు. నేనైతే తప్పకుండా చూడాలంటాను. కాకపోతే కారు కిటికీలోంచి వాళ్ల ఇళ్లను వీడియో తీయకండి. ఎవరైనా చెయ్యి ఊపితే ఆగి పలకరించండి. మాతో ఒక పెద్దాయన మాట్లాడారు. నాన్నకు ఇంగ్లిష్ రాదు. ఆయన తన అరచేతి కాయలు చూపించారు, నాన్న తనవి చూపించారు.

కార్నీ అలా ఉండదు. వరస క్వార్టర్లు, తిన్నని వీధులు. మన సింగరేణి కాలనీలు చూసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, ఇది కంపెనీ గీసిన ఊరని. 1958లో కెన్నెకాట్ కంపెనీ దీన్ని కట్టింది. ఎందుకో తెలియాలంటే ఏజెడ్ 177 మీద ఇంకొంచెం ముందుకెళ్లాలి.

రే గని దగ్గర

రోడ్డు పక్కన ఎర్రటి, బూడిదరంగు గుట్టలు, మెట్ల వరసలు మొదలవుతాయి. అదే రే గని. ఇక్కడ రే, సొనోరా, బార్సిలోనా అని మూడు ఊళ్లుండేవి. సొనోరాలో మెక్సికన్లు, బార్సిలోనాలో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. భూగర్భంలో తవ్వే గని 1950ల నాటికి పూర్తిగా ఓపెన్ పిట్‌గా, అంటే పైనుంచి తవ్వే పెద్ద గుంతగా మారింది. గుంత పెరుగుతూ పోయి మూడు ఊళ్లనూ మింగేసింది. అక్కడివాళ్లలో చాలామంది కార్నీకి చేరారు. ఊరు ఉన్న చోట ఇప్పుడు నేల కూడా లేదు, గాలి ఉంది.

గని గేట్లలోకి వెళ్లకండి, లారీల దారికి అడ్డంగా ఆపకండి. రోడ్డు పక్కన వెడల్పుగా ఉన్న చోటు చూసుకుని, ఇండికేటర్ వేసి, పూర్తిగా తెల్లగీత బయటికి జరిగి ఆపండి. పిల్లలను రోడ్డు వైపు తలుపు నుంచి దింపొద్దు.

మా వైపు ఓపెన్ కాస్టుల కింద ఊళ్లు పోవడం నాన్న చూశారు. గుడి పోయింది, స్మశానం పోయింది, ఊరి చింతచెట్టు పోయింది, మట్టి గుట్టలు మిగిలాయి. రే గని ముందు నిలబడి ఆయన ఒకటే అడిగారు, "వీళ్ల సమాధులు ఏం చేశారు?" నేను ఫోన్ తీసి వెతకబోయాను, సిగ్నల్ లేదు.

అక్కడి నుంచి సుపీరియర్‌కు అరగంట లోపే. వెలుతురు ఉండగా చేరితే ఊళ్లోనే ఆగండి, ముందుకు పోవద్దు. పడమటి ఎండ తిన్నగా తగిలి అపాచీ లీప్ గోడ పొద్దున చూసిన దానికి పోలిక లేకుండా మండుతుంది, ముందు నారింజ, తర్వాత కాషాయం, చివరికి ఊదా. ఇంకో లాభం కూడా ఉంది. ఆ వేళకు పడమటికి బండి తోలితే సూర్యుడు మళ్లీ కళ్లలోకే కొడతాడు. ఇరవై నిమిషాలు ఆగితే దిగిపోతాడు. మిగిలిన పెరుగన్నం తినేసి, హెడ్‌లైట్లు వేసుకుని, గొంజాలెస్ పాస్ దాకా జింకలు అడ్డం వస్తాయేమో చూసుకుంటూ నెమ్మదిగా వెళ్లండి. ఇంటికి చేరాక బూట్లు గుమ్మం బయటే విడిచి, అడుగున ముళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.